లలిత్‌పుర్‌లో సేవకు వెళ్లేవారు ముందుగా ఒక టోల్‌ను ఎంచుకోవాలి

ఆగస్టు మొదట్లో నేపాల్ వెళ్లి డిసెంబరు చివరి దాకా లలిత్‌పుర్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో స్వచ్ఛందంగా ఇంగ్లీషు, కంప్యూటర్ పాఠాలు చెప్పబోతున్నారని, వారంలో శనివారం ఒక్కటే పూర్తి సెలవు దొరుకుతుందని, అంత తక్కువ తీరికలో ఖాట్మండూ లోయ సంస్కృతిని పర్యాటకుల్లా పైపైన చూసి రాకుండా నిజంగా ఆస్వాదించడం ఎలాగని మీరు అడిగారు. నేను లలిత్‌పుర్‌లో కొన్నేళ్లు సేవా కార్యక్రమాల్లో పనిచేశాను. ఆ తర్వాత అక్కడికి కొత్తగా వచ్చే వాలంటీర్లకు బస చూపించడం, ఊరు పరిచయం చేయడం వంటి బాధ్యతలూ చూసుకున్నాను. ఆ అనుభవంతో మీకు చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. చూడవలసిన స్థలాల జాబితా పట్టుకుని శనివారాలన్నీ లోయ అంతా తిరగకండి. ఒక టోల్‌ను, అంటే పాతబస్తీలోని ఒక పేటను, ఎంచుకుని మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లండి. అయిదు నెలల తర్వాత మీరు చూసిన గుళ్ల సంఖ్య తక్కువగానే ఉండవచ్చు గానీ, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే ఇళ్లు కొన్ని ఉంటాయి. ఆ లోయలో సంస్కృతి నిజంగా నడిచేది ఆ ఇళ్లలోనే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే అక్కడ పండుగలు ఎవరు నడుపుతారో కొంత తెలియాలి. ఖాట్మండూ, పాటన్, భక్తపూర్ ఒకప్పుడు మల్ల రాజుల ఏలుబడిలో మూడు వేర్వేరు రాజ్యాలు. పాటన్‌నే ఇప్పుడు లలిత్‌పుర్ అంటున్నారు. 1768, 1769 సంవత్సరాల్లో పృథ్వీ నారాయణ్ షా ఈ మూడింటినీ జయించి ఒకే దేశంలో కలిపినా, ఏ ఊరి దేవుళ్లు ఆ ఊరికి, ఏ ఊరి జాత్రలు ఆ ఊరికి అలాగే మిగిలాయి. ఈ జాత్రలను నడిపేవి ప్రధానంగా గుఠీలు. గుఠీ అంటే ఆ లోయ పాతకాపులైన నేవార్ జాతికి చెందిన కొన్ని కుటుంబాలు తరతరాలుగా కలిసి నిర్వహించుకునే సంఘం. ఒక గుఠీ ఒక గుడిలో దీపం చూసుకుంటుంది, మరొకటి వాద్యబృందాన్ని నిలబెడుతుంది, ఇంకొకటి తన సభ్యుల ఇళ్లలో ఎవరైనా పోతే అంత్యక్రియల భారం మోస్తుంది. ఈ బాధ్యతలు చాలావరకు వంతులవారీగా వస్తాయి కాబట్టి, మీరు వీధిలో చూసే మద్దెల వాయించే కుర్రవాడు కళాకారుడిగా పేరు తెచ్చుకోవాలని అక్కడికి రాలేదు, ఈ ఏడు వాళ్ల ఇంటి వంతు వచ్చింది కనుక వచ్చాడు.

ఈ వ్యవస్థను అక్కడి ప్రజలు ఎంత ప్రాణప్రదంగా చూసుకుంటారో 2019 జూన్‌లో లోకానికి కనిపించింది. గుఠీల ఆస్తులను, నిర్వహణను కొత్త అధికార యంత్రాంగం కిందికి తెచ్చే బిల్లును ప్రభుత్వం ప్రవేశపెట్టినప్పుడు వేలాదిమంది ఖాట్మండూలోని మైతీఘర్ దగ్గర వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో దెబ్బతిన్న రాణీపోఖరీ కొలను పునర్నిర్మాణంలో కాంక్రీటు వాడడం మొదలుపెట్టినప్పుడు కూడా స్థానికులే అడ్డుపడి, చివరికి ఇటుక, బంకమట్టి వంటి పాత పద్ధతి సామగ్రితోనే పని పూర్తయ్యేలా చేశారు. సంస్కృతి అంటే తమ చేతుల్లో ఉన్న పని అని భావించే మనుషుల మధ్యకు మీరు వెళుతున్నారు. టిక్కెట్టు కొని ఒక పూట చూసి వెళ్లేవారిని వాళ్లు మర్యాదగానే పలకరిస్తారు, కానీ తమ పనిలోకి పిలవరు. రోజూ కనిపించే మనిషిని మాత్రం తప్పక పిలుస్తారు.

ఇక బస సంగతి. చాలా సంస్థలు వాలంటీర్లను ఖాట్మండూలోని థమేల్‌లోనో, దాని చుట్టుపక్కల హోటళ్లలోనో దింపుతాయి. థమేల్ పర్యాటకుల కోసం ఏర్పడిన పేట కాబట్టి అక్కడ మీకు అన్నీ దొరుకుతాయి, పొరుగువారు తప్ప. మీ పాఠశాల ఎలాగూ లలిత్‌పుర్‌లో ఉంది. పాటన్ పాతబస్తీలో, ఆ ఊరి నడిబొడ్డైన మంగళ్‌బజార్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఏదైనా నేవార్ కుటుంబం ఉంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకు ఇప్పించమని సంస్థను ముందే అడగండి. ఆ ఇళ్లు ఎక్కువగా బహాల్ చుట్టూ ఉంటాయి. బహాల్ అంటే ఒకప్పటి బౌద్ధ విహారపు ముంగిలి. మధ్యలో చైత్యం, ఒక పక్క గుడి, మిగతా పక్కల కాపురాలు. పిల్లలు ఆడుకునేదీ, ధాన్యం ఆరబోసేదీ, పూజ జరిగేదీ, పెళ్లిభోజనాలు పెట్టేదీ ఆ ముంగిట్లోనే. కిటికీలోంచి బహాల్ కనిపించే గదిలో ఉంటే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికినట్టు.

శనివారం ఒక్కటే సెలవని మీరు బాధపడనక్కరలేదు. (ఆదివారం పనివేళల సంగతి మీ పాఠశాలలో అడిగి తెలుసుకోండి.) నేపాల్‌లో చాలామంది ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య దాల్‌భాత్ తిని పనికి వెళతారు, మధ్యాహ్నం ఖాజా అనే చిన్న ఫలహారంతో సరిపెట్టుకుంటారు, రాత్రి మళ్లీ అన్నం తింటారు. పాఠశాలలు సాధారణంగా ఉదయం పదికి మొదలై సాయంత్రం నాలుగుకు ముగుస్తాయి. అంటే రోజూ తెల్లవారుజామున ఒక మూడు గంటలు, సాయంత్రం మరో రెండు మూడు గంటలు మీకు మిగులుతాయి. అదృష్టవశాత్తు పాటన్‌లో చూడదగినది జరిగేది కూడా ఆ వేళల్లోనే. పట్టపగలు దర్బార్ స్క్వేర్‌లో, అంటే పాత రాజభవనం ముందరి కూడలిలో, మీకు కనిపించేది కట్టడాలు మాత్రమే. తెల్లవారి ఆరింటికి అదే చోట పూజాపళ్లేలతో ఇంటింటి ఆడవాళ్లూ గణేశుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కో గుడి చుట్టి వస్తుంటారు. కృష్ణమందిరం దాటి ఉత్తరంగా వెళ్లి మెట్లు దిగితే మంగహితి ఉంది. లిచ్ఛవుల కాలంలో, ఆరో శతాబ్దంలో కట్టిన ఆ రాతి ధారల కింద నేటికీ బిందెలు వరుసలో పెట్టి నీళ్లు పట్టుకుంటారు. అక్కడ రోజూ ఒకే వేళకు కాసేపు కూర్చుంటే చాలు, పదిహేను రోజులు తిరక్కుండానే ఎవరో ఒకరు మీరు ఏ ఇంట్లో ఉంటున్నారని అడుగుతారు.

సాయంత్రాల్లో మీరు తప్పక వెతుక్కోవలసినది దాఫా భజన. వీధి మలుపుల్లో, గుళ్ల పక్కన కనిపించే స్తంభాల అరుగును ఫల్చా అంటారు, నేపాలీలో పాటీ అంటారు. చీకటి పడే వేళ అక్కడ చాపలు పరుస్తారు. పెద్దవయసు మగవాళ్లు రెండు బారులుగా ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో ఒకరు ఖిం అనే రెండు ముఖాల మద్దెల వాయిస్తుంటే, తా అనే తాళాల జత దానితో కలుస్తుంది. ఒక బారు పాడిన చరణాన్ని రెండో బారు అందుకుంటుంది. ముందర పరచిన పాటల పుస్తకం చేతిరాతతో ఉంటుంది, దాని అంచులు వేళ్ల తాకిడికి నల్లబడి ఉంటాయి. ఆ పాటల్లో కొన్ని మల్ల రాజుల కాలం నాటివి. పాడేవారి స్వరం శ్రావ్యంగా ఉందా లేదా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు, ఆ పూట పాట ఆగకపోవడమే వారికి ముఖ్యం. మీరు చెప్పులు కింద విడిచి, అరుగు చివర ఒక పక్కగా కూర్చోండి. మొదటి కొన్నాళ్లు ఫోను బయటికి తీయకండి. వరుసగా కొన్ని సాయంత్రాలు వెళితే మీ చేతికి తాళాలు ఇవ్వడం వాళ్లకు పెద్ద విషయమేమీ కాదు. నేను పంపిన వాలంటీర్లలో ఊరిని నిజంగా ప్రేమించిన చాలామందికి ఆ ప్రేమ ఇలాంటి అరుగు మీదే మొదలైంది.

చేత్తో ఏదైనా నేర్చుకోవాలన్న కోరిక ఉంటే పాటన్‌కు మించిన చోటు దొరకదు. ఓకుబహాల్ పరిసరాల్లో శాక్య కుటుంబాలు మైనపు అచ్చు పద్ధతిలో బుద్ధ విగ్రహాలు పోతపోస్తాయి. మైనంతో బొమ్మ చేయడం, దానిమీద మట్టి పూతలు వేయడం, మైనం కరిగించి తీసేయడం, ఆ ఖాళీలో లోహం పోయడం, చివరికి మట్టిని పగలగొట్టడం వరుసగా జరిగే పనులు కాబట్టి, ఒక విగ్రహం పూర్తయ్యేదాకా వారానికోసారి వెళ్లి చూడడం ఒక చదువుతో సమానం. జాత్రలు దగ్గరపడే ముందు చాలా టోళ్లలో ధిమే అనే పెద్ద డోలు నేర్పే తరగతులు కూడా పెడతారు. ఒకప్పుడు అది మగవాళ్లకే పరిమితమైన వాద్యం, ఇప్పుడు ఆడవాళ్ల బృందాలు కూడా ఎన్నో ఉన్నాయి.

భాష విషయంలో మన దేశం నుంచి వెళ్లేవారికి ఒక హెచ్చరిక చేయాలి. హిందీ అక్కడ చాలామందికి అర్థమవుతుంది, నేపాలీ లిపి దేవనాగరే, కాబట్టి కొత్త భాష నేర్చుకునే అవసరమే లేదనిపిస్తుంది. హిందీతో పని జరుగుతుంది గానీ, సంభాషణ మాత్రం బేరం దగ్గరే ఆగిపోతుంది. వెళ్లిన మొదటి నెలలోనే పలకరింపులు, అంకెలు, తిండి మాటలు నేపాలీలో పలకడం అలవాటు చేసుకోండి. ఎదుటి మనిషి వయసును బట్టి దాయి, దిదీ, భాయి, బహినీ అని వరుస కలిపి పిలవండి, పెద్దవారితో ఎప్పుడూ తపాయీఁ అనే గౌరవరూపమే వాడండి. దుకాణదారును కూడా అలాగే పిలవాలి. పాటన్ ఇళ్లలో మాట్లాడేది నేపాలీ కాదు, నేపాల్ భాష. అది పూర్తిగా వేరే భాష, టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినది. ఒక బామ్మకు చేతులు జోడించి ‘జ్వజలపా’ అంటే ఆ ముఖంలో కలిగే వెలుగు మీరే చూస్తారు.

దీనికి సంబంధించినదే ఇంకొకటి ఉంది, ఇది మరింత సున్నితం. అక్కడ గుళ్లు, దేవుళ్లు, పండుగలు చూడగానే మనకు పోలికలు తడతాయి. ‘ఇది మా దీపావళే కదా’, ‘ఇదంతా ఇండియాలాగే ఉంది’ అనే మాటలు మనం ఆప్యాయంగానే అంటాం, కానీ వినేవారికి అవి తమ దేశాన్ని తక్కువ చేసినట్టు తగులుతాయి. 2015 సెప్టెంబరు నుంచి కొన్ని నెలల పాటు సరిహద్దులో రవాణా స్తంభించి, భూకంపం నుంచి ఇంకా తేరుకోని ఇళ్లలో వంటగ్యాసు సైతం లేకుండా పోయిన రోజులను చాలామంది భారత్ విధించిన దిగ్బంధంగానే గుర్తుంచుకున్నారు. ఆ చర్చలోకి మీరుగా దిగకండి, ఎవరైనా ఎత్తితే వాదించకుండా వినండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెబుతున్నది కాదు. పోలిక తట్టగానే మన పరిశీలన ఆగిపోతుంది. అక్కడి దీపాల పండుగ తిహార్‌ను దీపావళి అనుకున్న మనిషి రెండో రోజు కుక్కల మెడలో బంతిపూల దండలు వేసి బొట్టు పెట్టడాన్ని వింతగా చూసి నవ్వుకుని వెళ్లిపోతాడు, నాలుగో రోజు రాత్రి నేవార్ ఇళ్లలో ఏం జరుగుతుందో అతనికి అసలు తెలియదు. దాని గురించి కింద రాస్తాను.

మీ పాఠశాలే మీకు పెద్ద ద్వారం. చాలామంది వాలంటీర్లు పని ఒక వైపు, సంస్కృతి ఒక వైపు అని రెండు డబ్బాల్లో పెట్టుకుంటారు. కానీ ఏ రోజు ఎవరి టోల్‌లో ఏ పూజ ఉందో మీ తరగతి పిల్లలకు తెలిసినంతగా ఏ మార్గదర్శకుడికీ తెలియదు. ‘మీ ఇంట్లో ఈ నెలలో ఏం జరుగుతుంది’ అన్న ప్రశ్న మీదే ఇంగ్లీషు పాఠం కట్టండి. పిల్లలు వాక్యాలు నేర్చుకుంటారు, మీకు కాలెండరు తయారవుతుంది. టీచర్ల గదిలో ఖాజా వేళ ఒంటరిగా కూర్చోకండి. గోడమీద తగిలించిన పాత్రోను, అంటే విక్రమ సంవత్ పంచాంగాన్ని, చూడడం నేర్చుకోండి. ప్రభుత్వ సెలవులు, పరీక్షలు, పండుగలు అన్నీ ఆ లెక్కనే ఉంటాయి, వారి సంవత్సరం ఏప్రిల్ మధ్యలో మారుతుంది. ఫోనులో హమ్రో పాత్రో అనే యాప్ పెట్టుకుంటే రెండు లెక్కలూ పక్కపక్కన కనిపిస్తాయి.

మీరు ఉండే అయిదు నెలలు పండుగల పరంగా ఏడాదిలో ఎంతో నిండుగా ఉండే కాలం. ఆగస్టు ప్రాంతంలో గుంలా వస్తుంది, అది నేవార్ బౌద్ధులకు పవిత్రమాసం. తెల్లవారకముందే వాద్యబృందాలు డోళ్లు వాయిస్తూ బౌద్ధ స్తూపం ఉన్న స్వయంభూ కొండకు నడుస్తాయి, ఒకటి రెండు ఉదయాలు వారి వెంట నడవండి. ఆ నెలలోనే గాయ్‌జాత్రా వస్తుంది. ఆ ఏడాదిలో ఎవరినైనా పోగొట్టుకున్న కుటుంబం ఆవును గానీ, ఆవు వేషం వేసిన పిల్లవాడిని గానీ వీధుల్లో ఊరేగిస్తుంది. వేషాలు, వాద్యాలు ఉంటాయి, చూడడానికి సంబరంగానే ఉంటుంది, కానీ ఆ పిల్లవాడి వెనక నడుస్తున్న మనిషి తల్లినో బిడ్డనో పోగొట్టుకుని ఏడాది తిరగని మనిషి. వారి ముఖం దగ్గరికి కెమెరా తీసుకువెళ్లవద్దు.

దాని వెంటనే పాటన్‌లో మతయా వస్తుంది. నా దృష్టిలో మీ బసలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన రోజు, పాఠశాలలో ముందుగా చెప్పి వీలైతే సెలవు పెట్టుకోండి. చనిపోయినవారి పేరిట వేలమంది పాటన్‌లోని వెయ్యికి పైగా చైత్యాలన్నిటినీ ఒక్క రోజులో దర్శించుకుంటారు. తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రం దాకా, చాలామంది కాళ్లకు చెప్పులు లేకుండా, ఒకరి వెనక ఒకరుగా సన్నని బారులో నడుస్తారు. ప్రతి చైత్యం దగ్గరా కొన్ని బియ్యపుగింజలు, ఒక నాణెం, ఒక కొవ్వొత్తి లేదా అగరువత్తి పెట్టి ముందుకు సాగుతారు. ఆ బారు రాజవీధుల్లోంచి మాత్రమే పోదు. ఇళ్ల కింది సందుల్లోంచి, వంగి దూరవలసిన ద్వారాల్లోంచి, ఒక బహాల్ నుంచి మరో బహాల్‌కు పాములా మెలికలు తిరుగుతూ వెళుతుంది. మామూలు రోజుల్లో మీకు తెలియని పాటన్ అంతా ఆ ఒక్క దారిలో ఉంది. ఈ ఉత్సవాన్ని నిర్వహించే బాధ్యత పది పేటల మధ్య ఏటా వంతులవారీగా తిరుగుతుంది. మీరు కొత్తవారు కాబట్టి ఆ బారులో నడవడం కన్నా మీ టోల్‌వారు నడిచేవారికి నీళ్లు, పానీయాలు అందించే చోట నిలబడడం మంచిదని నా సలహా. ‘నేను కూడా అందించనా’ అని ఒక రోజు ముందు అడగండి. మధ్యాహ్నానికల్లా మీరు ఆ టోల్ మనిషి అయిపోతారు.

సెప్టెంబరు ప్రాంతంలో ఖాట్మండూలో ఇంద్రజాత్రా ఎనిమిది రోజులు జరుగుతుంది. హనుమాన్ ఢోకా అనే పాత రాజభవనం ముందు యోసిం అనే పొడవాటి కొయ్యస్తంభాన్ని తాళ్లతో లాగి నిలబెట్టడంతో మొదలవుతుంది. దేవతగా కొలిచే బాలిక కుమారి రథం కదిలే రోజు, శ్వేతభైరవుడి నోటి గొట్టంలోంచి ధారగా కారే బియ్యపు మద్యం కోసం కుర్రవాళ్లు ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కే రాత్రి, రెండూ చూడదగినవే, కానీ జనసమ్మర్దం విపరీతం. అందరూ ఆ రథాన్నే చూస్తారు గనుక నేను మీకు మొదటి రోజు సాయంత్రం జరిగే ఉపాకు గురించి చెబుతాను. ఆ ఏడు మరణించినవారి కుటుంబాలు చేతిలో దీపాలు, అగరువత్తులతో పాత ఖాట్మండూ నగరపు ఒకప్పటి సరిహద్దు వెంబడి నడుస్తాయి. ఆ ప్రాకారం ఇప్పుడు లేదు, కానీ అది ఏ మలుపు తిరిగేదో వాళ్ల కాళ్లకు తెలుసు.

దశైన్ అనే పెద్ద పండుగకు పాఠశాలలు చాలా రోజులు మూసేస్తారు, లోయలో ఉండేవారిలో సగానికి సగం సొంత ఊళ్లకు వెళ్లిపోయారా అన్నట్టు వీధులు ఖాళీ అవుతాయి. ప్రయాణాలు చేయాలనుకుంటే ఆ రోజులు అనువుగా కనిపిస్తాయి, కానీ తోటి టీచరు ఎవరైనా టీకాకు, అంటే నుదుట బొట్టు పెట్టించుకోవడానికి, పిలిస్తే ప్రయాణం మానుకోండి. పెద్దవారి చేత పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన టీకా నుదుట పెట్టించుకుని, జమరా అనే లేత మొలకలు తీసుకుని, వారింట భోజనం చేయడం వారు మిమ్మల్ని ఇంటివారిగా తీసుకున్నారనడానికి గుర్తు.

తిహార్‌లో లక్ష్మీపూజ మర్నాటి రాత్రి నేవార్ ఇళ్లలో మ్హపూజ జరుగుతుంది. ఆ రోజే నేపాల్ సంవత్ కొత్త సంవత్సరం, ఆ శకం లెక్క క్రీ.శ. 879 నుంచి మొదలవుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని మండలాలు నేలమీద వరుసగా వేస్తారు. ఊళ్లో లేని కుటుంబ సభ్యుడికి కూడా ఒక మండలం ఉంటుంది, యముడికీ ఒకటి ఉంటుంది. ఎవరి మండలం ముందు వారు కూర్చుంటారు, ఇంటి ఆడవాళ్లు ఒక్కొక్కరికీ పూజ చేసి, నూనెలో తడిపిన పొడవాటి వత్తులు వెలిగించి చేతికిస్తారు. పూజ జరిగేది దేవుడికి కాదు, ఆ మనిషి దేహానికి, అందులో ఉన్న ప్రాణానికి. దీన్ని ఏ వీధిలోనూ చూడలేరు, ఏ టిక్కెట్టూ దీనికి దొరకదు. మీరు అద్దెకున్న ఇంటివారు పిలిస్తే మీ కోసం కూడా ఒక మండలం వేస్తారు, అప్పుడు ఆ వరుసలో మీరు కూర్చుంటారు. స్థలాల జాబితా వదిలేయమని మొదట్లో అంత గట్టిగా చెప్పింది ఈ రాత్రిని దృష్టిలో ఉంచుకునే.

కార్తీకంలో పాటన్ దర్బార్ దగ్గరి డబలి అనే రాతి వేదిక మీద కార్తీక్ నాచ్ అనే నృత్యనాటకం ప్రదర్శిస్తారు. పదిహేడో శతాబ్దంలో, 1637లో కృష్ణమందిరం కట్టించిన సిద్ధినరసింహ మల్ల రాజే దీన్నీ మొదలుపెట్టాడు. సాయంత్రం బడి అయ్యాక నడిచి వెళ్లి చూడవచ్చు, చలికి శాలువా తీసుకువెళ్లండి. డిసెంబరు ప్రాంతంలో యోమరి పున్హి వస్తుంది. బియ్యప్పిండి తొడుగులో చాకు అనే బెల్లపు పాకం, నువ్వులు కూరి ఆవిరి మీద ఉడికించే యోమరి చుట్టడం మీ ఇంటివారి దగ్గర నేర్చుకోండి.

ఎవరింటికైనా భోజనానికి వెళితే పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. వీధిలో, ఇంటి గడపకు ఎదురుగా పాతిన చిన్న రాయిని పిఖాలఖు అంటారు. అది పూజలందుకునే రాయి, దాన్ని తొక్కకుండా దాటండి. విందులో గడ్డిచాపల మీద బారుగా కూర్చోబెట్టి ఆకు విస్తళ్లలో వడ్డిస్తారు, వరుసలో ముందు చోటు పెద్దవారిది. అటుకులు, వేయించిన నల్ల సోయాగింజలు, అల్లం, బంగాళదుంప, మసాలా పట్టించిన ఛోయ్లా అనే మాంసం కలిసిన సమయ్‌బజి తరచుగా ఎదురవుతుంది. ఛోయ్లాలోనూ మోమోల్లోనూ సాధారణంగా వాడేది దున్నపోతు మాంసమే. తినకపోతే విస్తరి ముందు కూర్చున్నాక కాదు, పిలిచిన రోజే చెప్పండి, వారు నొచ్చుకోరు. ఎంగిలి పట్టింపు గట్టిది కాబట్టి మీ చెంచాను వడ్డించే గిన్నెలో పెట్టవద్దు. ఇంటావిడ పొడవాటి కొమ్మున్న పాత్రను ఎత్తి పట్టుకుని, సన్నని ధారగా, ఒక్క చుక్క పక్కన పడకుండా చిన్న మట్టి ప్రమిదలోకి ఐలా అనే మద్యాన్ని వంచుతుంది. మీకు తాగే అలవాటు లేకపోతే చేతులు జోడించి వద్దంటే సరిపోతుంది, ఆ పోసే నేర్పును మాత్రం మెచ్చుకోండి.

గుళ్ల దగ్గర మర్యాదలు ఎక్కువగా మీకు తెలిసినవే కాబట్టి రెండు మాటలతో సరిపెడతాను. పశుపతినాథ్ దగ్గర బాగ్మతీ ఒడ్డున దహనాలు జరుగుతుంటాయి, అక్కడ దుఃఖంలో ఉన్నవారిని ఫొటోలు తీయడం విదేశీయులు చేసినా మనం చేయకూడదు. కుమారి ఉండే ఇంటి, అంటే కుమారి ఘర్, ముంగిట్లోకి వెళ్లవచ్చు, కానీ కిటికీలో కుమారి కనిపించినప్పుడు కెమెరా ఎత్తకూడదు. పాటన్‌లోని హిరణ్యవర్ణ మహావిహారం లోపలి ముంగిట్లోకి తోలు వస్తువులు తీసుకువెళ్లనివ్వరు.

శనివారాల్లో ఒకటి రెండు తప్పకుండా బాగ్మతీ శుభ్రత కార్యక్రమానికి ఇవ్వండి. 2013లో మొదలైన ఆ స్వచ్ఛంద కార్యక్రమంలో ప్రతి శనివారం ఉదయం ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు చేతితొడుగులు వేసుకుని నది ఒడ్డున చెత్త ఎత్తుతారు. విదేశాల నుంచి వచ్చి సేవ చేస్తున్నామనుకునే మనకు, ఆ ఊరివారు తమ ఊరికి తామే చేసుకుంటున్న సేవలో ఒక చేయి వేయడం కన్నా మంచి పరిచయం ఉండదు. మరో శనివారం భక్తపూర్ వెళ్లి 2015 భూకంపాన్ని తట్టుకుని నిలిచిన అయిదంతస్తుల న్యాతపోల గుడి చూసి, మట్టి మూకుడులో తోడుపెట్టిన జూజూ ధౌ పెరుగు తినండి. అక్కడ విదేశీయులు ప్రవేశ రుసుము కట్టాలి. మళ్లీ మళ్లీ వెళ్లాలనుకుంటే మొదటిసారే పాస్‌పోర్టు, ఫొటో చూపించి టిక్కెట్టు గడువు పొడిగించమని అడగండి.

సంస్థలు కొన్ని వారాంతాల్లో ‘సాంస్కృతిక అనుభవం’ పేరిట అనాథాశ్రమాల సందర్శన పెడతాయి. దానికి వెళ్లవద్దని స్పష్టంగా చెబుతున్నాను. నేపాల్‌లో అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, వచ్చిపోయే విదేశీయుల విరాళాల కోసమే పిల్లలను ఊళ్లనుంచి తెచ్చి పెట్టిన సందర్భాలు బయటపడ్డాయి. ఆ పిల్లల ఆటపాటలు చూడడాన్ని సంస్కృతి అనలేం.

చివరగా మీ గడువు గురించి. మీరు భారత పౌరులు కాబట్టి నేపాల్‌లో ఉండడానికి వీసా అవసరం లేదు, విమానంలో వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. ఇతర దేశాల వాలంటీర్లకు పర్యాటక వీసా మీద జీతం లేని పని చేయడానికి కూడా అనుమతి లేదు, ఆ చిక్కు మీకు లేదు. కనుక పాఠశాల ఒప్పుకుంటే మీ బసను వైశాఖం దాకా, అంటే ఏప్రిల్, మే నెలల దాకా పొడిగించుకోమని అడుగుతాను. పాటన్‌లో వానదేవుడిగా కొలిచే రాతో మచ్ఛీంద్రనాథ్ రథయాత్ర అప్పుడే జరుగుతుంది. యాత్ర చూడడం కన్నా ముందుగా పుల్చోక్‌లో ఆ రథం కట్టడం చూడాలి. చక్రాలు, అడుగుభాగం బరాహీ కుటుంబాల వడ్రంగులు చేస్తారు. ఆ పైన ఆకాశంలోకి లేచే గోపురమంతా యంగ్వాల్ కుటుంబాలవారు మేకులు లేకుండా బెత్తంతోనూ తాళ్లతోనూ అల్లుతారు, ఎత్తుకు ఎక్కి నిలబడి కాళ్లతో పట్టుకుని చేతులతో బిగిస్తారు. ప్రతి చక్రం మీదా కళ్లు చిత్రిస్తారు. ఊరంతా తాళ్లు పట్టి లాగే ఆ రథాన్ని ఒక మజిలీలో ఆడవాళ్లు మాత్రమే లాగుతారు, చివర జావలాఖేల్‌లో రత్నాలు పొదిగిన భోటో చొక్కాను నాలుగు దిక్కులా చూపించడంతో యాత్ర ముగుస్తుంది. రథం కట్టే రోజుల్లో బడి వదిలాక పుల్చోక్ మీదుగా నడిచి ఇంటికి వెళ్లండి. పనివాళ్లు రోజూ ఎంత పైకి ఎక్కారో చూస్తుండండి. కొన్నాళ్లకు కింద నిలబడి తాడు అందించేవారు కావాలని వాళ్లే పిలుస్తారు.